గట్టు పంపుహౌస్‌లో మొదలుపెట్టే మాటలు

సోమవారం, తుఫాను మరునాడు

పంపుహౌస్ రాతలు ఇన్నాళ్లూ యంత్రమే రాసుకునేది. నిన్నటి సూర్య తుఫానులో అది మాడిపోయింది కాబట్టి ఇకనుంచి నేను రాస్తాను. నా పేరు వజ్ర. గట్టు ఊరికి పంపు ఆపరేటర్ని. ఈ ఊళ్లో ఎవరి గ్లాసులో నీళ్లున్నా అవి నా చేతుల మీదుగా వచ్చినవే. గొప్పకు చెప్పడం లేదు, పనే అలాంటిది.

మా ఊరు చంద్రుడి దక్షిణ కొసన ఒక పెద్ద గుంత అంచు మీద ఉంది. అంచున ఎండ ఉంటుంది కాబట్టి కరెంటు మాది, తోటలు మావి. గుంత అడుగున ఎన్నడూ ఎండ పడదు కాబట్టి మంచు వాళ్లది. వాళ్లంటే పోజ్జో ఊరి ఇటాలియన్లు. మంచు కరగబెట్టి గోరువెచ్చటి నీళ్లను వాళ్లు కింద నుంచి తోస్తారు, మేం పై నుంచి లాగుతాం. రెండూ ఒకేసారి జరగాలి. వాళ్లు ముందు తోస్తే పైపు అతుకులు పగులుతాయి. మేం ముందు లాగితే పైపులో ఖాళీ ఏర్పడి, నీళ్లు ఆవిరై, ఉన్నచోటే గడ్డ కడతాయి.

ఈ రెండు పంపులనూ కలిపి నడిపే పెట్టె, రెండు ఊళ్ల మాటలనూ అటూ ఇటూ మార్చే పెట్టె ఒకటే. కాలిపోయింది అదే. కొత్తది భూమి నుంచి తర్వాతి ఓడలో రావాలి. ఆ ఓడ ఇంకా బయలుదేరనే లేదు. ఇప్పుడు మాకు మిగిలింది రెండు పంపుహౌసుల మధ్య ఒక తీగ, దాని కొసన ఒక మైకు.

మా తాతల కాలంలో మనుషులు రెండు మూడు భాషలు నేర్చుకునేవాళ్లట. మాకు పుట్టగానే చెవిలో పూస పెడతారు. ఎవరు ఏ భాషలో మాట్లాడినా తెలుగులోనే వినిపిస్తుంది. ఇంకో భాష నేర్చుకోవలసిన అవసరం గట్టులో ఎవరికీ రాలేదు. పోజ్జో వాళ్లకూ అంతే. పెట్టె కాలిపోవడంతో పూసలన్నీ మూగబోయాయి.

ఆ తుఫాను దెబ్బ నాకు ముందు తగిలింది పంపుహౌస్‌లో కాదు, ఇంట్లో. నా భర్త దారియో పోజ్జో మనిషి. పైపులు బాగుచేస్తాడు. పైపు దగ్గరే పరిచయమయ్యాడు, పద్దెనిమిదేళ్ల కాపురం మాది. నిన్న డ్యూటీ దిగి ఇంటికి వెళ్లేసరికి అతను ఏదో అన్నాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇన్నేళ్లూ నేను విన్నది పూస గొంతు. వార్తలు చదివే మనిషి గొంతులా నున్నగా ఉండేది. అతని అసలు గొంతు బొంగురుగా ఉంది. పాట ఎత్తుకోబోయి మానుకున్నట్టు మాట చివర కొంచెం పైకి లేస్తోంది. ఎవరో కొత్త మనిషి నా వంటింట్లో నిలబడ్డట్టు అనిపించి ఒక అడుగు వెనక్కి వేశాను. నేను మాట్లాడినప్పుడు అతను కూడా నన్ను అలాగే చూశాడు.

తరువాత టీ గిన్నె చూపించి "దాయ్! దాయ్!" అన్నాడు. ఎందుకు దాయాలో తెలియకపోయినా గిన్నె తీసి అలమరలో పెట్టాను. అతను తలుపు తీసి గిన్నె మళ్లీ బయట పెట్టి, మళ్లీ "దాయ్" అన్నాడు. నేను మళ్లీ దాచాను. మూడోసారికి ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

బుధవారం

'దాయ్' అంటే కానీయ్ అని. టీ పెట్టమని కాదు, ఇద్దరం కలిసి పెట్టుకుందాం రా అని. రెండు రోజులు సైగలతో కుస్తీ పట్టి ఇంతవరకు వచ్చాం.

ఇవాళ తీగ మీద పోజ్జోను పిలిచాం. నా పక్కన కొమురన్న ఉన్నాడు. మా వాల్వులన్నీ చూసుకునేది ఆయనే, నాకంటే పదేళ్లు పెద్ద. అటు నుంచి ఒక ఆడగొంతు "ప్రోంతో!" అంది.

ఆ మాట నాకు తెలుసు. సిద్ధం అని అర్థం. దారియో నిన్న బూట్లు వేసుకుని తలుపు దగ్గర నిలబడి అన్నాడు. కొమురన్నకు చెప్పాను.

"తయారున్నమంటున్నది గద చెల్లె, కొట్టు మరి" అన్నాడాయన.

స్విచ్ మీద వేలు పెట్టాను, నొక్కలేదు. ఆ గొంతులో పనికి దిగే ఊపు లేదు. "ప్రోంతో? ప్రోంతో?" అంటూ ఎవరక్కడ అన్నట్టు అడుగుతోంది. ఫోన్ ఎత్తినప్పుడు మనం హలో అన్నట్టు వాళ్లు ఆ మాటే అంటారని ఇంటికొచ్చాక తెలిసింది. నొక్కకపోవడం మంచిదైంది.

ఆవిడ పేరు ఓర్నెల్లా. పేర్లు చెప్పుకున్నాక అంకెలు పెట్టుకుందామని చూశాం. త్రే, దూఏ, ఊనో, వీయా. మూడు, రెండు, ఒకటి, పద. కొమురన్న 'ఊనో' దగ్గరే వాల్వు తిప్పేశాడు. ఓర్నెల్లా 'వీయా' అన్నాక తోసింది. పైపు పొడవునా వణుకు పుట్టింది. రెండువైపులా ఆపేశాం.

"ఒకటి అన్నంక ఇంకేముంటది?" అన్నాడు కొమురన్న కోపంగా. "మనింట్ల ఒకటంటే ఉరుకుడే."

ఒకటి తరువాత ఆగడం నేర్చుకున్నా లాభం లేదని నాకు అప్పుడే అర్థమైంది. వాళ్ల పంపు తిరగడం మొదలయ్యాక నీళ్లు అందుకోవడానికి ఒకసారి తొందరగా అవుతుంది, ఒకసారి ఆలస్యమవుతుంది. లెక్క దానికోసం ఆగదు. నీళ్లు అందుకున్న క్షణాన అవతలి మనిషి చెప్పాలి, ఆ క్షణాన నేను వినాలి. అందుకు మాట కావాలి. వాళ్లకు తెలుగు నేర్పేంత తీరిక లేదు. నా ఇంట్లో ఇటాలియన్ ఉన్నాడు. కాబట్టి నేర్చుకోవలసింది నేను. నేర్చుకుంటాను.

శనివారం

పంపు నడవలేదు. ట్యాంకులో ఇంకా సగానికి పైగా ఉంది. స్నానాలు తగ్గించాం.

మా ఇల్లు ఇప్పుడు బడి. దారియోకు నేను ముందే చెప్పాను, అంటే సైగ చేశాను: నాకు నీ భాష మొత్తం వద్దు, పని మొదలుపెట్టేటప్పుడు మీవాళ్లు ఏమంటారో అది చెప్పు చాలు. అది ఒకటో రెండో మాటలనుకున్నాను. పూస ఎప్పుడూ ఒకటే వినిపించేది: "ప్రారంభిద్దాం." అతను పిండి కలపబోయినా, పైపు కోయబోయినా, నన్ను సినిమాకు పిలిచినా, "ప్రారంభిద్దాం." సభలో అధ్యక్షుడిలా మాట్లాడే మనిషిని కట్టుకున్నాననుకునేదాన్ని.

అతను అన్నవి ఇన్ని రకాలని ఎవరికి తెలుసు?

రొట్టెల పీట ముందు నిలబడి "కొమించో ఈయో?" అంటాడు. నేను మొదలుపెట్టనా అని. "కొమించామో" అంటే ఇద్దరం మొదలుపెడదాం. "మీ మెత్తో ఆ కుచినారే" అంటే ఇక వంటలో పడుతున్నా, నన్ను కదిలించకు అని. బరువు ఎత్తేటప్పుడు "ఫోర్ట్సా!" ఆ మాటకు బలం అని అర్థమట. మనం 'పట్టు, పట్టు' అన్నట్టు. బయలుదేరేటప్పుడు "అంద్యామో". అన్నీ సర్దుకుని, ఇక చెయ్యి వేయడమే తరువాయి అన్నప్పుడు "చి స్యామో". పెద్ద పని ముందు పెట్టుకుని ఊపిరి పీల్చి, ఏమీ చెప్పకుండా ఊరికే "అల్లోరా..." అంటాడు. అది మన "సరే మరి".

ఒక్కో మాటకు ఒక్కో పని చేసి చూపించాడు. నేనూ చేశాను. గిన్నెలు కడిగాం, దుప్పట్లు మడిచాం, మంచం ఈ గోడ నుంచి ఆ గోడకు మార్చి మళ్లీ మొదటి చోటికే తెచ్చాం. పక్కింటి వాళ్లు తలుపు కొట్టి ఇల్లు మారుతున్నారా అని అడిగారు.

నేనూ ఊరుకోలేదు. మంచం ఎత్తేటప్పుడు "షురూ చేద్దామా?" అన్నాను. అతను "షూరూ?" అని ఒక్క క్షణం ఆలోచించి, తల ఊపి, "షూరూ చేద్దమ్!" అన్నాడు. ఆ బొంగురు గొంతులో నా భాష వినడం అదే మొదటిసారి. వెంటనే మంచం దించి, కూర్చుని, ముఖం పక్కకు తిప్పుకోవలసి వచ్చింది. అతను దుమ్ము పడిందేమోనని నా కంట్లో ఊదాడు.

మంగళవారం

నీళ్లొచ్చాయి.

తీగ మీద ఓర్నెల్లా "అల్లోరా, వజ్రా. చి స్యామో?" అంది.

"చి స్యామో" అన్నాను. మా వైపు అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

అటు పంపు తిరుగుతున్న చప్పుడు వినిపించింది. చప్పుడు మారింది. "కొమించో!" అంది ఓర్నెల్లా.

"కొమించో!" అని నేను నొక్కాను. పైపు వణకలేదు. కొమురన్న చెయ్యి వాల్వు మీద ఉంది, కళ్లు గేజి మీద ఉన్నాయి. ముల్లు నిదానంగా లేచి నిలబడింది. ట్యాంకులో మొదటి ధార పడ్డ చప్పుడుకు బయట తోటపని వాళ్లు చప్పట్లు కొట్టారు.

"నీ ఇటలీ మాటలు పని జేసినయ్ గదనే!" అని కొమురన్న నా వీపు మీద ఒక్కటి చరిచాడు. తరువాత మైకు దగ్గరకు వంగి, తనకొచ్చిన ఒకే ఒక్క మాట గట్టిగా అన్నాడు: "ఫోర్ట్సా!" అవతల ఎవరో ఈల వేశారు.

ఈ పని నాకు చేతనవుతుందని నాకు తెలుసు. అయినా అవుతుంటే చూడటం బాగుంది.

ఆదివారం

బాగా నడుస్తోందనుకున్నాం. రోజూ నీళ్లు తెచ్చుకుంటున్నాం. ఇవాళ దెబ్బ తిన్నాం.

ఓర్నెల్లా ఇవాళ కొంచెం పొడుగ్గా మాట్లాడింది. "స్తో పేర్ కొమించారే" అంది. నాకు 'కొమించారే' వినిపించింది. వేలు దానంతట అదే నొక్కింది. అటు పంపు ఇంకా నీళ్లు అందుకోలేదు. మా పంపు వట్టి పైపును లాగింది. సగం దారిలో ఉన్న నీళ్లు క్షణంలో గడ్డకట్టాయి. ఆ వెంటనే వాళ్ల నీళ్లు కింద నుంచి వచ్చి ఆ గడ్డను ఢీకొట్టాయి. వాలు మధ్యలో ఉన్న పెద్ద అతుకు పగిలి తెల్లటి ధూళి లేచింది. కెమెరాలో చూస్తే అందంగా ఉంది. అదంతా మేం తాగవలసిన నీళ్లు.

ఓర్నెల్లా తీగ మీద అరిచింది. నేనూ అరిచాను. ఎవరు ఏమన్నారో ఎవరికీ తెలియదు కానీ అర్థం మాత్రం ఇద్దరికీ తెలిసింది.

ఇంటికొచ్చి దారియో ముందు ఆ మాట అప్పజెప్పాను. "స్తో పేర్ కొమించారే. అంటే కొమించో కాదా?"

అతను చెప్పబోయి ఆగాడు. నీళ్ల గ్లాసు తీసి బల్ల అంచు మీద సగం బయటికి పెట్టాడు. గ్లాసు ఊగుతోంది. "స్తా పేర్ కదేరే" అన్నాడు. నేను గబుక్కున పట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. గ్లాసు పడలేదు. ఇంకా పడలేదు. అతను మంచం ఎక్కి, మోకాళ్లు వంచి, చేతులు వెనక్కి చాచి, "స్తో పేర్ సల్తారే" అని అలాగే నిలబడ్డాడు. దూకలేదు. యాభై ఏళ్ల మనిషి మంచం అంచున కోడిలా వంగి నిలబడి నా వైపు చూస్తున్నాడు.

"దూకబోతున్నావు!" అన్నాను. "పడబోతోంది. మొదలుపెట్టబోతున్నా!"

మనకూ ఉంది ఆ మాట. చిన్న 'బోతు'. దాన్ని వినకపోతే పైపు పగులుతుంది.

అతను అప్పుడు దూకాడు. గ్లాసు పడింది. ఇద్దరం నేల తుడిచి ఆ గుడ్డ పిండి నీళ్లు మొక్కకు పోశాం, ఎందుకంటే రేపటినుంచి నీళ్లకు రేషను.

బుధవారం, అతుకు మార్చే ముందు

ట్యాంకు అడుగు కనిపిస్తోంది. ఆస్పత్రికి, పిల్లలకు ముందు ఇస్తున్నాం. ఆకుకూరల మడులకు నీళ్లు ఆపేశారు. తోటపని వాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు కానీ, వాడిన పాలకూర నా ముందు నుంచే బుట్టల్లో తీసుకెళ్తున్నారు.

రేపు దారియో, కొమురన్న సూట్లు వేసుకుని వాలు దిగి అతుకు మారుస్తారు. కొత్త అతుకు రబ్బరు చలికి రాయిలా ఉంటుంది. వెచ్చటి నీళ్లు పారితేనే మెత్తబడి పట్టు కుదురుతుంది. కాబట్టి వాళ్లు బిగించి పక్కకు తప్పుకోగానే నీళ్లు పారాలి. ఆలస్యమైతే పోజ్జో వైపు పైపులో ఉన్న నీళ్లు గడ్డకడతాయి. ముందే పారితే అతుకు ఊడి, దాని మీద వంగి ఉన్న మనిషిని ఎగరగొడుతుంది.

సూటు రేడియో మా పంపుహౌసుకే వినిపిస్తుంది, పోజ్జోకు అందదు. పోజ్జో తీగ సూట్లకు అందదు. ఆ రెంటినీ కలిపేది కూడా కాలిపోయిన పెట్టెలోనే ఉండేది. అంటే రేపు మధ్యలో ఉండేది నేనొక్కదాన్నే.

దారియో ఇవాళ నన్ను 'అస్పెత్తా' అనిపించాడు. ఆగు అని. గట్టిగా అనమన్నాడు. ఇంకా గట్టిగా. పక్కింటి వాళ్లు మళ్లీ తలుపు కొట్టారు.

గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

దారియో, కొమురన్న వాలు దిగారు. పాత అతుకు విప్పారు, కొత్తది కూర్చోబెట్టారు. నా ఎడమ చెవికి సూటు రేడియో, కుడి చెవికి పోజ్జో తీగ.

"స్తో పేర్ ఫినీరే" అన్నాడు దారియో ఎడమ చెవిలో. పూర్తి కాబోతోంది. నేను అదే మాట కుడివైపుకు అందించాను. "స్తా పేర్ ఫినీరే." ఓర్నెల్లా సరేనన్నట్టు "బేనే" అంది. ఆమె పంపు తిరుగుతున్న చప్పుడు మొదలైంది.

అప్పుడే ఎడమవైపు దారియో గబగబా ఏదో అన్నాడు. నాకు ఒక్క మాట కూడా దొరకలేదు. తరువాత వట్టి ఊపిరి.

"కొమురన్నా! ఏమైందక్కడ?"

"ఆయన నడుం తాడు బిగింపు కింద ఇరికింది చెల్లె! పైపు మీదనే ఉన్నడు, కదల్తలేడు! ఆపుమను వాళ్లను!"

"అస్పెత్తా!" అని అరిచాను కుడివైపు. "దారియో నోన్ ప్రోంతో! నోన్ కొమించారే! అస్పెత్తా!"

దారియో సిద్ధంగా లేడు, మొదలుపెట్టకు, ఆగు అని. ఓర్నెల్లా ఆగింది. కానీ ఊరుకోలేదు. పెద్ద వాక్యం ఒకటి, అందులో రెండు మాటలు పట్టుకున్నాను. 'దేవో కొమించారే'. దేవో అంటే తప్పదు అని. "మొదలుపెట్టక తప్పదు." ఇంకొకటి 'గ్యాచ్చో'. మంచు. వాళ్ల పైపులో నీళ్లు గడ్డకట్టడం మొదలైంది. ఆమె ఇప్పుడు మొదలుపెట్టకపోతే కింది పైపు మొత్తం బిగుసుకుపోతుంది. తరువాత ఈ గుంత నుంచి చుక్క నీరు రాదు. మొదలుపెడితే దారియో మీద నుంచి పోతుంది.

"కొయ్యన్నా, తాడు కొయ్యి!" అన్నాను.

"కోస్తున్న! ఇది తాడు గాదు, ఉక్కు!"

ఇన్ని రోజులుగా నా తలలో ఉన్నది ఒకటే: ఒకేసారి మొదలుపెట్టాలి. ఇద్దరం కలిసి. ఆ మాట కోసమే ఈ పాఠాలన్నీ. కానీ ఇప్పుడు కావలసింది అది కాదు. ఆమె నీళ్లు కొంచెం కదులుతూ ఉంటే చాలు, గడ్డకట్టవు. వాలు మొదట్లో, అతుకుకు చాలా కింద, ఒక మళ్లింపు గొట్టం ఉంది. ఆమె దాన్ని తెరిస్తే నీళ్లు కొద్దికొద్దిగా తిరిగి ఆమె ట్యాంకులోకే పోతాయి, అతుకు దాకా ఎక్కవు. మా వైపు నేను లాగకపోతే. ఆమె మొదలుపెట్టాలి, నేను మొదలుపెట్టకూడదు.

ఇది చెప్పడానికి నాకు ఎవరూ వాక్యం నేర్పలేదు. ఉన్న ముక్కలే కలిపాను.

"ఓర్నెల్లా! తూ కొమించా! పియానో, పియానో, పోకో!" నువ్వు మొదలుపెట్టు, మెల్లగా, కొంచెం. "ఈయో నోన్ కొమించో!" నేను మొదలుపెట్టను. మళ్లింపు గొట్టాన్ని ఏమంటారో తెలియదు. "ఆక్వా, కాజా తువా!" అన్నాను. నీళ్లు, నీ ఇంటికి.

కుడి చెవి మీద చెయ్యి అదిమి పట్టుకున్నాను.

"ఆ!" అంది ఓర్నెల్లా. "ఓ కపీతో!" ఆ మాట తెలుసు. అర్థమైంది అని. ఇంట్లో మంచం దగ్గర నేను రోజుకు ఇరవైసార్లు అన్న మాట. ఆమె పంపు చప్పుడు తగ్గి, కూనిరాగంలా సాగింది. నా గేజిలో ముల్లు లేవలేదు. లేవకూడదు కూడా. నా రెండు చేతులూ స్విచ్ మీద నుంచి తీసి ఒడిలో పెట్టుకున్నాను, మళ్లీ వేలు దానంతట అది కదలకుండా.

ఎడమ చెవిలో రంపం చప్పుడు. కొమురన్న బూతులు. వాటి మధ్య దారియో ఊపిరి. నేను ఆ ఊపిరి వింటూ, ఆమె పంపు వింటూ కూర్చున్నాను. భయం వేసింది, అబద్ధమెందుకు.

"తెగింది!" అన్నాడు కొమురన్న. "లేసిండు! పక్కకొస్తున్నం... వచ్చినం!"

"చి స్యామో, వజ్రా!" దారియో గొంతు. బొంగురుగా, చివర పైకి లేస్తూ. నేను విన్న గొంతుల్లో అదే మంచిది.

"ఓర్నెల్లా, చి స్యామో! కొమించామో!"

"కొమించామో!"

ఇద్దరం కలిసి నొక్కాం. గేజి ముల్లు నిదానంగా లేచింది. కొత్త అతుకు దగ్గర కొద్దిగా ఆవిరి కనిపించి ఆగిపోయింది. ట్యాంకులో ధార పడింది. ఓర్నెల్లా తీగ మీద చాలాసేపు మాట్లాడింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా మొత్తం విన్నాను.

దారియో లోపలికి వచ్చి హెల్మెట్, సూటు తీసి నా ఎదురుగా కూర్చున్నాడు. నడుం చుట్టూ ఎర్రగా కమిలింది. మందు రాయబోతే చెయ్యి పట్టుకున్నాడు. చెప్పడానికి అతని దగ్గర ఉన్న తెలుగు చాలలేదు, నా ఇటాలియన్ చాలలేదు. అయినా చాలాసేపు చెయ్యి వదల్లేదు. కొమురన్న గుమ్మంలో నిలబడి దగ్గి, "ఆకలైతుంది, ఎవలన్న పట్టించుకుంటరా?" అన్నాడు.

ఆదివారం

అతుకు చూడటానికి పోజ్జో నుంచి ఓర్నెల్లా, ఆమెతో ఇద్దరు మనుషులు బండిలో పైకి వచ్చారు. ఇన్నాళ్లూ తీగ మీద గొంతే కదా, నేను పొడుగాటి మనిషిని ఊహించుకున్నాను. నా భుజం దాకా ఉంది. నన్ను చూసి ముందు నవ్వలేదు. నా కుడిచేతి వేలు, అదే స్విచ్ నొక్కే వేలు, పట్టుకుని బెదిరించినట్టు ఊపింది. తరువాత గట్టిగా కౌగిలించుకుంది.

మా ఇంట్లో భోజనం పెట్టాం. పాలకూర మళ్లీ పచ్చబడింది కాబట్టి పాలకూర పప్పు, టమాటా తొక్కు, వేడి అన్నం. కొమురన్న కూడా కూర్చున్నాడు. వడ్డించాను. అందరూ కంచాల ముందు చేతులు ఒడిలో పెట్టుకుని చూస్తున్నారు. ఎవరూ ముట్టరు. చుట్టాలు తినకుండా మేం ఎలా తింటామని కొమురన్న, దారియో ఆగారు. ఇంటి ఇల్లాలు ముద్ద ఎత్తకుండా వాళ్ల ఊళ్లో ఎవరూ తినరట, వాళ్లు నా కోసం ఆగారు. నేనేమో అందరూ తిన్నాక తినేదాన్ని, గరిటె పట్టుకుని నిలబడ్డాను. అన్నం మీద ఆవిరి తగ్గిపోతోంది.

"కొమించాతే!" అన్నాను. "సెన్నో... రీజో ఫ్రెద్దో!" మొదలుపెట్టండి, లేకపోతే అన్నం చల్లనిది.

తప్పో ఒప్పో తెలియదు. ఓర్నెల్లా ముఖం విప్పారింది. "సీ ఫ్రెద్దా!" అని సరిదిద్దింది. చల్లారిపోతుంది అని చెప్పాలట. సరిదిద్దుతూనే ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. తొక్కు కారం తగిలి కళ్లమ్మట నీళ్లు వచ్చినా ఆపలేదు. దాంతో అందరి చేతులూ కంచాల్లోకి దిగాయి.

దారియో మాత్రం ముద్ద చేతిలో పట్టుకుని నన్నే చూస్తున్నాడు. "ఇది... నేన్ నేర్పలే" అన్నాడు తెలుగులో, మెల్లగా.

"నువ్వు నేర్పలే. నేనే అల్లుకున్న" అని గరిటె కింద పెట్టి, అతని పక్కన జరగమని మోచేత్తో పొడిచి, నాకూ ఒక కంచం తెచ్చుకుని కూర్చున్నాను.